మిర్చికి ముడతొచ్చిందా? మందుల కొట్టుకు బయల్దేరే ముందు ఇవి చూడండి

మిర్చి తోటలో ఆకు ముడుచుకోగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. రెండు రెమ్మలు తుంచి, జేబు సంచిలో వేసుకుని, బండి తీసి మందుల కొట్టుకెళ్తాం. కొట్టాయన రెమ్మ వంక ఓ చూపు చూసి రెండు సీసాలు, ఒక ప్యాకెట్టు తీసి ముందు పెడతాడు. "మూడూ కలిపి కొట్టండి, నాలుగు రోజుల్లో తేడా కనపడుద్ది" అంటాడు. పైగా అరువు. ఇంక కాదనేదేముంది?

నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. 2021లో పువ్వులో చేరే నల్ల తామర పురుగు (త్రిప్స్) వచ్చిపడినప్పుడు మా రెండెకరాలకు ఆ సీజన్లో 26 సార్లు మందు కొట్టినట్టు నోటు పుస్తకంలో ఉంది. 26వ సారి కొట్టిన మర్నాడు పొద్దున్నే ఒక పువ్వు విప్పి చూస్తే లోపల పురుగులు ఎప్పట్లాగే తిరుగుతున్నాయి. ఆ రోజు నుంచి నాకు అలవాటైన పద్ధతి ఇది. అందరికీ అన్నీ కుదరకపోవచ్చు. మొదటి రెండు పనులకు మాత్రం ఒక భూతద్దం తప్ప ఖర్చు లేదు, అవైనా చేయండి.

ముందు ఏ ముడతో తేల్చుకోండి

ముడత అనేది ఒక జబ్బు పేరు కాదు. కనీసం నాలుగు కారణాలకు ఆకు ముడుచుకుంటుంది, ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి దండగ.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత. తామర పురుగుల పని. ఆకు తిప్పి చూస్తే అడుగున వెండి పూసినట్టు మెరుపు, కొన్నాళ్ళకు అక్కడే గోధుమ రంగు మచ్చలు కనపడతాయి.

ఆకు అంచులు కిందికి వంగి, పడవని తిరగేసినట్టు ఉంటే కింది ముడత. అది నల్లి (మైట్) పని. లేత ఆకుల కాడలు సాగి ఎలుక తోకల్లా అవుతాయి, ఆకు ముదురాకుపచ్చగా మారి పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. ఈ నల్లి మామూలు కంటికి ఆనదు. నూట యాభై, రెండొందలు పెడితే భూతద్దం వస్తుంది, కొనుక్కోండి. అంత పనికొచ్చే సీసా మందు ఎక్కడా దొరకదు.

ఆకులు బాగా చిన్నవై, మందంగా, ముడతలు ముడతలుగా, ఈనెల మధ్య పసుపు తిరిగి, మొక్క గిడసబారి గుబురుగా కూర్చుంటే అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. దీనికి మందు లేదు. ఎవరైనా ఉందని చెప్పి అమ్మితే నీళ్ళు కొన్నట్టే. ఆ మొక్కని పీకి, చేలోంచి బయటికి తీసుకెళ్ళి కాల్చేయడమో పూడ్చేయడమో చేయాలి. మొదట్లో పది మొక్కలు పీకడానికి చెయ్యి రాదు. తర్వాత ఎకరం పోతుంటే చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

నాలుగోది ఎవరికీ తట్టనిది, కలుపు మందు దెబ్బ. పక్క చేలో 2,4-డి కొట్టారు, గాలి మనవైపు వీచింది. లేదా కలుపు మందు కొట్టిన పంపుతోనే మిర్చికి పురుగు మందు కొట్టాం. ఆకులు సన్నగా మెలి తిరిగి తాడులా అవుతాయి. ఇది వరసగా, గాలి వచ్చిన వైపు గట్టు నుంచి మొదలై లోపలికి పోను పోను తగ్గుతుంది. పురుగు అయితే అంత లెక్కగా రాదు. కలుపు మందుకు ఒక పంపు, పురుగు మందుకు ఒక పంపు విడిగా పెట్టుకోవడం తప్ప దీనికి మార్గం లేదు.

తర్వాత లెక్కపెట్టండి

పొద్దున ఎండ ఎక్కకముందే తోటలోకి దిగండి. గట్టు పక్క మొక్కలే చూసి తిరిగి రాకండి, అక్కడ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డదిడ్డంగా నడుస్తూ ఇరవై మొక్కల దగ్గర ఆగండి. ప్రతి మొక్కకి ఒక లేత రెమ్మ, ఒక పువ్వు చాలు.

పువ్వుని చూసే పద్ధతి చెప్తాను. తెల్ల కాగితం, అదీ లేకపోతే పెళ్ళి పత్రిక వెనక వైపు, ఎడమ అరచేతిలో పెట్టుకోండి. పువ్వుని కాడతో పట్టుకుని దాని మీద నాలుగుసార్లు గట్టిగా తట్టండి. పుప్పొడి రాలుతుంది. ఒక్క క్షణం ఆగితే ఆ పసుపు పొడిలో కొన్ని నలుసులు నడవడం మొదలుపెడతాయి. నల్లగా, నువ్వు గింజలో నాలుగో వంతు కూడా లేనివి ఆడవి. లేత పసుపు రంగులో ఇంకా చిన్నగా ఉన్నవి మగవి. ఇదే నల్ల తామర పురుగు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్ళకు మన మిర్చి మీద పడింది. పాత తామర పురుగు ఎక్కువగా లేత ఆకుల్లో ఉండేది. ఇది పువ్వులో కాపురం పెడుతుంది, అందుకే పూత పూతంతా రాలిపోతుంది. మందు పువ్వు లోపలికి పోదు కాబట్టి చావదు కూడా.

ఇరవై పూలకి ఎన్ని వచ్చాయో, ఇరవై రెమ్మల్లో ఎన్నింటికి ముడత ఉందో పుస్తకంలో రాయండి. నేను పెట్టుకున్న లెక్క ఏమిటంటే, పదిలో ఒక మొక్కకు మించి ముడత కనపడితేనో, పువ్వుకి సగటున రెండు మూడు పురుగులు దాటితేనో మందు సంగతి ఆలోచిస్తాను. అంతకు తక్కువైతే నాలుగు రోజులు ఆగి మళ్ళీ లెక్కపెడతాను.

లెక్కపెట్టేటప్పుడు ఆ పురుగుల్ని తినే మన పక్షం వాళ్ళని కూడా లెక్కపెట్టాలి. అక్షింతల పురుగులు, వాటి పిల్లలు, సాలీళ్ళు, అల్లికరెక్కల పురుగు వెంట్రుక కొసన పెట్టిపోయే తెల్ల గుడ్లు. అక్షింతల పురుగు పిల్ల ముళ్ళ ముళ్ళగా, నల్లగా, చిన్న మొసలిలా ఉంటుంది. దాన్ని చూసి "కొత్త పురుగొచ్చింది" అని మందు కొట్టించిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి.

మందు లేకుండా అయ్యే పనులు ఇవి

వీటిలో చాలావరకు ముడత రాకముందు చేయాల్సినవి. ఇప్పుడు చదువుతున్నవాళ్ళు వచ్చే ఏటికి గుర్తుపెట్టుకోండి.

చేను చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న గానీ మొక్కజొన్న గానీ, మిర్చి నాటడానికి ముందే వేయాలి. గాలికి కొట్టుకొచ్చే తామర పురుగు, తెల్లదోమ చాలావరకు ఆ గోడ దగ్గరే ఆగుతాయి. ఆఖరి దుక్కిలో ఎకరానికి 200 కిలోల వేపపిండి వేయండి. తామర పురుగు ఆకులో గుడ్డు పెడుతుంది, పిల్లగా ఆకుని గీరి రసం తాగుతుంది, కోశస్థ దశకి (రెక్కల పురుగయ్యే ముందు దశ) మాత్రం నేల మీదికి దిగుతుంది. వేపపిండి దెబ్బ తగిలేది అక్కడ. నేల మీద పరిచే వెండి రంగు మల్చింగ్ షీటు వేసినవాళ్ళకి ఇంకా లాభం, దిగడానికి మట్టి ఉండదు, మెరుపుకి రెక్కల పురుగు కూడా బెదురుతుంది.

నీలం రంగు జిగురు అట్టలు తామర పురుగుకి, పసుపువి తెల్లదోమకి, పేనుబంకకి. ఎకరానికి పాతిక, ముప్పై, మొక్క ఎత్తులో కట్టి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతూ ఉండాలి. ఒకసారి కట్టి మర్చిపోతే దుమ్ము పట్టి తోటలో బ్యానర్లలా వేలాడతాయి, అంతే. జిగురు అట్ట పురుగుని పూర్తిగా తగ్గిస్తుందని ఆశపడకండి. ఎప్పుడొచ్చిందో ముందుగా చెప్పే కాపలాదారు అది.

యూరియా చెయ్యి తగ్గించండి. పక్కోడి తోట నల్లగా నిగనిగలాడుతోందని ఇంకో కట్ట చల్లితే లేత చిగురు పొంగుకొస్తుంది. తామర పురుగుకి, నల్లికి అంతకన్నా విందు భోజనం లేదు.

ఉధృతి తక్కువగా ఉన్నప్పుడు వేప గింజల కషాయం బాగా పనిచేస్తుంది. ఐదు కిలోల వేప గింజల పప్పు పొడిచేసి గుడ్డలో మూటకట్టి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటని పిసికి పిసికి పాలలాంటి రసం దింపి, వడకట్టి, వంద లీటర్లకి చేయాలి. వంద గ్రాముల సబ్బు పొడి కలిపితే ఆకుకి అంటుకుంటుంది. సాయంత్రమే కొట్టాలి, ఎండకి దాని గుణం పోతుంది. వడకట్టడం దగ్గర బద్ధకిస్తే నాజిల్ మూసుకుపోయి ఆ రోజు పని మొత్తం పాడు, ఇది అనుభవం మీద చెప్తున్నాను.

ఇదంతా చదివి, మందు లేకుండా సేద్యం కాగితాల మీదే అవుతుంది అనేవాళ్ళకి ఒక్క మాట. పాత ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. మందుల అప్పుల్లో మునిగిన పత్తి రైతులు వాళ్ళు. 2000 దశకం మొదట్లో ఊరంతా కలిసి రసాయన పురుగు మందులు మానేశారు. మిర్చికి, అందులోనూ నల్ల తామర పురుగుకి అది అంత తేలిక కాదని నాకూ తెలుసు. కానీ 26 సార్లు కొట్టడానికీ అసలు కొట్టకపోవడానికీ మధ్యలో చాలా చోటుంది.

తప్పదనుకుంటే, కొట్టులో ఇలా అడగండి

"ముడతకి మందివ్వు" అనొద్దు. ఏ పురుగో చెప్పి, టెక్నికల్ పేరు అడగండి. సీసా మీద పెద్దగా ఉన్న కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. పేర్లు వేరైనా లోపల మందు ఒకటే అయిన సీసాలు కొట్టులో పది ఉంటాయి. పోయిన వారం కొట్టిందే ఈ వారం కొత్త పేరుతో కొట్టి, "ఈ మందూ పనిచేయలేదు" అనుకుంటాం.

ఇంకో మెట్టు ఉంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిటామిప్రిడ్ పేర్లు మూడు గానీ ఒకే తానులో ముక్కలు. పురుగు ఒంట్లో మూడూ ఒకేచోట దెబ్బకొడతాయి. ఒకదానికి అలవాటుపడిన పురుగు మిగతా రెంటికీ లొంగదు. ఫిప్రోనిల్ వేరే గుంపు, స్పైనోసాడ్ వేరు, డయాఫెంథియురాన్ వేరు. ఈసారి ఒక గుంపు మందు వాడితే వచ్చేసారి తప్పకుండా వేరే గుంపు. ఇది గుర్తుండదు, రాసుకోవాల్సిందే.

సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులంటే మాత్రం మిర్చి దగ్గర నాకు భయం. చౌక, కొట్టగానే పురుగులు టపటపా రాలతాయి, కళ్ళకి ఆనందం. పది పన్నెండు రోజులకి నల్లి విరుచుకుపడుతుంది. ఎందుకంటే నల్లిని తినే నల్లి ఒకటుంటుంది, ఆ మందుకి ముందు చచ్చేది అదే. కాపలా కుక్కని చంపి దొంగకి తలుపు తీసినట్టు. తర్వాత నల్లి మందు అమ్మేది కూడా అదే కొట్టు.

సీసా మీద మూల మీద నిలబెట్టిన డైమండ్ ఆకారంలో రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ వీటిలో తక్కువది. తక్కువ అంటే మనిషికి తక్కువ అని. చేపకీ తేనెటీగకీ ఈ రంగులతో సంబంధం లేదు. పైరెత్రాయిడ్లు చేపలకి మహా విషం. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ తేనెటీగలకి. ఇమిడాక్లోప్రిడ్ నీళ్ళలో సులువుగా కరుగుతుంది, నేలలో నెలల తరబడి ఉండిపోగలదు. చేను కాలువ పక్కనో చెరువు కిందనో ఉంటే ఆ విషయం కొనేముందే గుర్తుండాలి.

బూడిద తెగులు, నల్లి రెండూ ఒకేసారి ఉంటే రెండు మందులు కొనకండి. నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి మూడు గ్రాములు రెండింటి మీదా పనిచేస్తుంది. బాగా ఎండలున్నప్పుడు వద్దు, ఆకు మాడుతుంది. నూనె మందులతో కలపొద్దు. కాయ మీద గుండ్రటి మచ్చ, అందులో వలయాలు వలయాలుగా నల్ల చుక్కలు కనపడితే అది కాయకుళ్ళు. దానికి తెగులు మందు కావాలి, ఎన్ని పురుగు మందులు పోసినా తగ్గదు.

బిల్లు తీసుకోండి. అరువైనా సరే. మందు తేడా చేస్తే చేతిలో కాగితం లేనివాడి మాట ఎక్కడా నిలవదు.

కొలత దగ్గరే సగం మోసం

మన మోసమే, మనకి మనం చేసుకునేది. లీటరుకి 0.3 మిల్లీలీటర్లు అని రాసి ఉందనుకోండి. ఇరవై లీటర్ల ట్యాంకుకి ఆరు మిల్లీలీటర్లు. మూత నిండా పోస్తే ఎంతో ఎవరికైనా తెలుసా? ఒక సీసా మూత ఐదు, ఒకటి పది, ఒకటి ఇరవై. మెడికల్ షాపులో దొరికే ఇంజెక్షన్ సిరంజి సూది లేకుండా తెచ్చుకోండి, మందుల పెట్టెలోనే దాని చోటు, ఇంట్లోకి తేవొద్దు. "ఇంకో రెండు చుక్కలు పోస్తే గట్టిగా పనిచేస్తుంది" అనేది ఉప్పు విషయంలో ఎంత నిజమో ఇక్కడా అంతే.

ఎకరానికి ఎన్ని నీళ్ళు పడతాయో తెలుసుకోవడానికి ఒకసారి ఉత్త నీళ్ళతో ఒక సెంటు (ఎకరంలో వందో వంతు) కొట్టి చూడండి. రెండు లీటర్లు అయితే ఎకరానికి 200 లీటర్లు. పొగమంచులా గుండ్రంగా చిమ్మే కోన్ నాజిల్ పురుగు మందుకి, విసనకర్రలా చదునుగా పడేది కలుపు మందుకి. పురుగు ఉండేది ఆకు అడుగున, కాబట్టి నాజిల్‌ని కింద నుంచి పైకి తిప్పి కొట్టాలి. మన కూలీ మనిషికి ఇది చెప్పకపోతే ఆయన పైనుంచి అభిషేకం చేసి వెళ్ళిపోతాడు.

మూడు మందులు కలిపి కొట్టే అలవాటు మానండి. అవి ఒకదానితో ఒకటి పడతాయో లేదో మనకి తెలియదు. ఆకు మాడితే ఏది మాడ్చిందో, పురుగు చస్తే ఏది చంపిందో కూడా తెలియదు.

పూత మీద ఉన్న తోటకి సాయంత్రం కొట్టండి. ఉదయం తేనెటీగలు పూల మీద ఉంటాయి. గాలి ఎక్కువుంటే ఆ పూట మానుకోండి. కాలువ గట్టు పక్క నాలుగైదు సాళ్ళకి రసాయనం వద్దు, అక్కడ వేప కషాయం చాలు. ఆ వరసల్లోనే మిత్ర పురుగులు బతికి మళ్ళీ తోటలోకి వస్తాయి.

కొట్టే మనిషికి నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, మాస్కు, కళ్ళకి అద్దాలు. ఎండకి ఇవన్నీ ఎవరు వేసుకుంటారు అంటారు. నిజమే, నరకమే. అందుకే చల్లటి పూట పెట్టుకోమనేది. 2017లో మహారాష్ట్ర యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. కలిపేటప్పుడు కర్ర వాడండి, చెయ్యి కాదు. కొట్టేటప్పుడు బీడీ, తాంబూలం, మంచినీళ్ళు వద్దు. తల తిరగడం, చెమటలు, చొంగ కారడం, చూపు మసకబారడం కనపడితే వెంటనే పని ఆపి బట్టలు విప్పించి సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. సీసా కూడా వెంట తీసుకెళ్ళండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. స్పృహ లేని మనిషికి ఏదీ తాగించొద్దు, వాంతి చేయించొద్దు.

ఖాళీ సీసాని మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు ట్యాంకులోనే పోసేయండి. ఆ మందుకీ డబ్బులు పెట్టాం కదా. తర్వాత మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, నీళ్ళకి దూరంగా పూడ్చండి. చిల్లు పొడవని సీసా ఎప్పటికైనా ఎవరింట్లోనో కిరోసిన్ సీసానో నూనె సీసానో అవుతుంది. పంపు కడిగిన నీళ్ళు కాలువలో వదిలితే కింద ఊళ్ళో గేదెలు తాగుతాయి.

కోతకి ముందు, కోత తర్వాత

లేబుల్ మీద మందు కొట్టాక ఎన్ని రోజులకి కోయాలో ఉంటుంది. కోతకి కూలీలు దొరికారని నిన్న కొట్టిన తోటలోకి ఈ రోజు దించకండి. రోజంతా ఒట్టి చేతులతో కాయ తెంపేది ఆడవాళ్ళు, ఆ మందంతా వాళ్ళ చేతులకే. మిర్చిని కడిగి కల్లంలో ఎవరూ ఆరబెట్టరు, కాయ మీద ఏముంటే అది ఎండి ఇంకా చిక్కబడుతుంది. గుంటూరు యార్డులో మందుల అవశేషాలు తక్కువున్న సరుకుని ఐపీఎం (సమగ్ర సస్యరక్షణ) మిర్చి అని విడిగా అడిగే ఎగుమతిదారులు ఉన్నారు. మీ ఊరివైపు అలా కొనేవాళ్ళుంటే నాటకముందే మాట్లాడుకోండి, ఏ మందులు వాడకూడదో వాళ్ళే జాబితా ఇస్తారు.

ఆఖరి కోత అయ్యాక కట్టెని అలా వదిలేసి, నాలుగు పచ్చికాయలొస్తాయని వేసవి దాకా నీళ్ళు పెడుతుంటాం. నల్ల తామర పురుగు ఎండలు గడుపుకునేది ఆ తోటలోనే. పీకేయండి. పీకే ముందు నోటు పుస్తకం తెరిచి ఆ ఏడాది ఎన్నిసార్లు కొట్టామో, ఏ తేదీన, ఏ టెక్నికల్, కొట్టక ముందు పువ్వుకి ఎన్ని పురుగులు, కొట్టిన మూడో రోజు ఎన్ని అన్నవి ఒక పేజీలోకి దింపండి. మా పుస్తకంలో పోయిన సీజన్‌కి తొమ్మిది ఉన్నాయి. అందులో మూడు అనవసరమని మూడో రోజు లెక్కలే చెబుతున్నాయి.